జలపాతం దాకా పందెం

మా వదినకి జబ్బు తగ్గిపోయింది. తగ్గిందని డాక్టరమ్మ చెప్పింది, ఎక్స్‌రే చెప్పింది, అన్నయ్య చెప్పాడు, కింద వాటాలో ఉండే ముసలాయన కూడా మెట్ల దగ్గర నన్ను ఆపి మరీ చెప్పాడు. ఒక్క వదినే ఒప్పుకోలేదు.

ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి చాలా రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ముందు గదిలో సోఫా ఎక్కి కూర్చుంది, ఇక దిగలేదు. మెట్లు దిగితే ఆయాసం వస్తుందట. ఫ్యాను వేస్తే జలుబు చేస్తుందట. గట్టిగా నవ్వితే దగ్గు తెరలు తెరలుగా వస్తుందని నవ్వడం కూడా మానేసింది. మా వదిన నవ్వడం మానేసిందంటే అది మామూలు సంగతి కాదు. ఆవిడ నవ్వితే వీధి చివరి దాకా వినపడేది. కొట్లో ఆవిడ నవ్వు విని లోపల ఏమవుతోందో చూద్దామని వచ్చి, పనిలో పనిగా కొలతలిచ్చి వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు.

కొట్టంటే మాది బట్టలు కుట్టే కొట్టు. గడియారాలు బాగుచేసే షాపుకీ, జిరాక్సు షాపుకీ మధ్య ఇరుకైన గది. వెలుతురు కోసం గుమ్మం పక్కన నా మిషను. మధ్యలో గుడ్డ కత్తిరించే బల్ల. వెనకాల వదిన స్థలం: ఒక ఎత్తు స్టూలు, ఇస్త్రీ బల్ల, గుండీల డబ్బాలు. నేను కత్తిరించి, ఎర్ర దారంతో కచ్చా కుట్టు వేసి, మిషను మీద అసలు కుట్టు కుట్టి వెనక్కి విసిరేస్తాను. ఆ కచ్చా దారాలన్నీ లాగేసి, అంచులు మడిచి, కాజాలు తీసి, గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి మనిషి వేసుకునేలా తయారుచేసేది ఆవిడ. మొదలుపెట్టడం నా పని, ముగించడం ఆవిడ పని. నా కాపురం పొసగక అన్నయ్య ఇంటికి వచ్చేసినప్పుడు, మిషను కొనిచ్చి నన్ను కూర్చోబెట్టింది వదినే. అప్పటి నుంచి ఇద్దరం రోజుకోసారైనా పోట్లాడుకోకుండా కొట్టు మూసిన పాపాన పోలేదు.

అలాంటిది ఒక సాయంత్రం, నేను ఇంటికి తెచ్చుకున్న పని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, సోఫాలోంచి వదిన అంది:

"నా బదులు ఎవరినైనా పెట్టుకో అమ్మాయ్. ఇక కొట్టు నావల్ల కాదు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ మాటకి అది ముక్కు కూడా దాటిపోయింది.

"ఎందుకు కాదు? కాళ్ళు లేవా? చేతులు లేవా? డాక్టరమ్మ నడవమని చెవినిల్లు కట్టుకుని పోరుతోంది కదా!"

"ఆవిడకేం, చెబుతుంది. ఆయాసపడేది నేను."

"నాలుగు అడుగులు వేసి చూడకుండానే ఆయాసమొస్తుందని ఎలా తెలిసింది?"

"తెలుస్తుందిలే. నా ఒళ్ళు నాకు తెలీదా?"

అప్పుడు నా ఒళ్ళో ఉన్నది ఫారెస్టు గార్డు ప్యాంటు. అతను అడవిలో తిరిగి తిరిగి మోకాళ్ళ దగ్గర చింపుకుని వస్తుంటాడు, మేము అతుకులు వేసి ఇస్తుంటాం. వచ్చినప్పుడల్లా అడవి లోపల ఉన్న ఒక జలపాతం గురించి చెబుతాడు. ఎవరూ రారట, దారి బాగోదట, కానీ చూసినవాళ్ళకి తిరిగి రాబుద్ధి కాదట. వదిన స్టూలు మీద కూర్చుని ఆ కబుర్లు నోరు తెరుచుకుని వినేది. ఒకసారి చూసొద్దాం అనేది. ఎప్పుడూ ఏదో ఒక పెళ్ళి ఆర్డరు అడ్డం వచ్చేది.

"సరే, పందెం," అన్నాను. "ఆ గార్డు చెప్పే జలపాతం దాకా నీ కాళ్ళ మీద నువ్వు నడిచావనుకో, మర్నాడు నోరు మూసుకుని కొట్టుకి రావాలి. మధ్యలో వెనక్కి తిరిగావా, ఇక నేను జన్మలో కొట్టు మాట ఎత్తను. మనిషిని పెట్టుకుంటాను."

ఒంటికాలి మీద లేస్తుందనుకున్నాను. వదిన కాసేపు నా చేతిలో ప్యాంటు వైపు చూసి, "సరే," అంది.

అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి నాకు అనుమానం వచ్చింది. ఓ గంట నడిచి, ఏ చెట్టు కిందో కూలబడి, 'చూశావా, నేను చెప్పలా' అంటే ఆవిడకి జీవితాంతం సోఫా ఖాయం. గెలుపు ఆవిడదే అని లెక్కవేసుకునే ఒప్పుకుందని నాకు అర్థమైపోయింది. అదే నిజమైతే నా గతేమిటి? వేరే మనిషి దొరక్కపోదు. కానీ వదిన లేని కొట్టు నాకు వద్దు. ఆ మాట పైకి అనలేదు. మా ఇద్దరి మధ్య అలాంటి మాటలు అనుకునే అలవాటు లేదు.

అన్నయ్య బస్సు డ్రైవరు. డ్యూటీ నుంచి వచ్చి, సంగతి విని, మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మీ ఇద్దరికీ ఒకేసారి మతి పోయిందా, లేక ఒకరి తర్వాత ఒకరికా?" అన్నాడు. అయినా డాక్టరమ్మకి ఫోన్ చేసి అడిగాడు. నెమ్మదిగా నడవమనండి, ఆయాసం వచ్చిన చోటల్లా ఆగి కూర్చోమనండి, మంచిదే, అందట.

గార్డు తన ప్యాంటు తీసుకోవడానికి వచ్చినప్పుడు దారి అడిగాను. బస్సు ఆఖరి స్టాపులో దిగాలి, చెక్ పోస్టు పక్క నుంచి కాలిబాట మొదలవుతుంది. అతను ఒక్కటే గట్టిగా చెప్పాడు.

"పైకి వెళ్ళడం సులువే మేడమ్. దారి చీలిన చోటల్లా నీళ్ళ చప్పుడు ఎటు వినపడితే అటు పోవడమే. దిగేటప్పుడే తికమక. అన్ని దారులూ ఒకేలా ఉంటాయి. చీలిక దగ్గరల్లా ఏదో ఒక గుర్తు పెట్టుకోండి. ఏరు పట్టుకుని మాత్రం దిగకండి, కింద పెద్ద లోయ ఉంది. అక్కడ ఫోన్లు కూడా పనిచేయవు."

"గుర్తు సంగతి నాకొదిలేయ్," అన్నాను. దర్జీదానికి గుర్తులు పెట్టడం ఒకరు నేర్పాలా?

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. ఇద్దరికీ వదులు ప్యాంట్లు నేనే కుట్టాను. వదిన ప్యాంటు వేసుకోవడం అదే మొదటిసారి. అద్దం ముందు నిలబడి, "రెండు దిండ్లకి గలీబులు తొడిగినట్టుంది," అంది. అన్నయ్య నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయాడు. సంచీలో బ్రెడ్డు, ఉడకబెట్టిన గుడ్లు, అరటిపళ్ళు, మంచినీళ్ళు, వదిన మందులు. నా జేబులో కచ్చా కుట్టు దారపుండ.

కాలిబాట మొదట్లో మంచిదే. తర్వాతే దాని బుద్ధి బయటపెట్టింది. చెట్ల వేళ్ళు నేల మీద అడ్డదిడ్డంగా పాకి, ఎక్కడ కాలు పెట్టినా తన్నుకునేలా ఉన్నాయి. రాత్రి పడ్డ వానకి కుళ్ళిన ఆకులు తడిసి జారుడుగా ఉంది. పైన కొమ్మలు ఎంత దట్టంగా అల్లుకున్నాయంటే ఎండ చుక్కలు చుక్కలుగా తప్ప కిందకి దిగడం లేదు. చొక్కాలు ఒంటికి అతుక్కుపోయాయి. కీచురాళ్ళు ఒకటే గోల. ఒకచోట అవన్నీ మాట్లాడుకున్నట్టు ఒక్కసారిగా ఆగిపోయాయి, మళ్ళీ మేము రెండడుగులు వేయగానే అందుకున్నాయి.

నేను ముందు, వదిన వెనక. ఆవిడ నడక గమనించడానికి నేను చెవులే వాడాను, వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే 'ఇక తిరిగిపోదాం' అంటుందని భయం. ఆవిడ ఊపిరి వినపడినంతసేపూ నడిచేదాన్ని, అది బుసబుసలాడగానే ఏదో వంకతో ఆగేదాన్ని. బూటు లేసు ఊడిందని ఒకసారి. నీళ్ళు తాగాలని ఒకసారి. ఒకసారి వంక దొరక్క ఒక చెట్టుని పట్టుకుని, "అబ్బ, ఎంత లావుగా ఉందో," అన్నాను. వదిన ఒక బండ మీద కూర్చుని నన్ను కొరకొరా చూసింది.

మొదటి చీలిక ఆ బండ దగ్గరే. నీళ్ళ చప్పుడు ఎడమ వైపు నుంచి సన్నగా వినిపించింది. అటు వెళ్ళే దారి పక్కన కొమ్మకి ఎర్ర దారం చుట్టి, జారుముడి వేసి, కొసలు రెండూ వేలాడేలా వదిలాను. కచ్చా కుట్టు కొస ఎలా వదులుతామో అలాగే. ఎంత దూరం నుంచైనా కనపడుతుంది. నా తెలివికి నేనే మురిసిపోయి ముందుకు కదిలాను.

రెండో చీలిక దగ్గర ఒక పెద్ద మాను విరిగి దారికి అడ్డంగా పడి ఉంది. దాని కింద నుంచి దూరాలి. వదిన దూరుతుంటే ప్యాంటు ఒక పుల్లకి పట్టుకుంది. "కుట్టింది ఎవరో గానీ బాగా వదిలారు గుడ్డ!" అంది రొప్పుతూ. ఇది తిట్టే అయినా నాకు సంతోషమేసింది. తిట్టడానికి ఊపిరి ఉందన్నమాట. అక్కడా దారం కట్టాను. ఆ తర్వాత వెదురు గుంపు దగ్గర ఒకటి, చిన్న వాగు దాటాక ఒకటి. వాగులో రాళ్ళ మీద నడిచేటప్పుడు చెయ్యి అందిస్తే వదిన పట్టుకోలేదు. "నా కాళ్ళ మీద నేను నడవాలన్నావుగా," అంది. వాగు దాటాక నా మడమ మీద జలగ పట్టుకుంటే నేను పెట్టిన కేకకి పిట్టలు లేచిపోయాయి. వదిన తాపీగా వంగి, రెండు వేళ్ళతో గోకి తీసి అవతల పడేసింది.

పైకి పోయేకొద్దీ చప్పుడు పెరిగింది. మొదట దూరంగా వాన పడుతున్నట్టు, తర్వాత పక్క గదిలో ఎవరో కుళాయి వదిలేసినట్టు. ఆఖరి ఎత్తు బాగా నిటారుగా ఉంది. వేళ్ళు పట్టుకుని పాక్కుంటూ ఎక్కాలి. అక్కడ నాకే తల ప్రాణం తోకకొచ్చింది. పైకి చేరి, ఇక ఉండబట్టలేక వెనక్కి తిరిగి చూశాను. వదిన కింద ఒక వేరు పట్టుకుని నిలబడి ఉంది. మొహం ఎర్రబడిపోయింది, చెమట కారుతోంది, భుజాలు లేచి పడుతున్నాయి. 'అయిపోయింది,' అనుకున్నాను. 'ఇక్కడే ఆగిపోతుంది.' నేను రమ్మని పిలవలేదు, వద్దనీ అనలేదు. ఆవిడ కళ్ళు మూసుకుని మూడు నాలుగు ఊపిర్లు తీసి, కళ్ళు తెరిచి, ఇంకో వేరు అందుకుంది.

ఆకులు పక్కకి తొలగించగానే ఎదురుగా జలపాతం.

నల్లటి బండ మీద నుంచి, కౌంటరు మీద గుడ్డ తాను విప్పి పరిచినట్టు, తెల్లగా ఒక్కటే ధార దిగుతోంది. కింద గుండ్రటి మడుగు. చుట్టూ పెద్ద పెద్ద ఆకులు ఆ తుంపరకి తలలూపుతున్నాయి. మనిషన్నవాడు లేడు. చల్లటి గాలి మొహానికి కొట్టగానే దారిలో పడ్డ కష్టమంతా ఎటు పోయిందో తెలియలేదు.

"గెలిచాను!" అని అరిచాను. ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో నాకే సరిగ్గా తెలియదు. బట్టలతోనే మోకాలి లోతు దాకా దిగి నీళ్ళు ఎగజిమ్మాను. వదిన బూట్లు విప్పి, ప్యాంటు పైకి మడిచి, రాయి మీద కూర్చుని పాదాలు నీళ్ళలో పెట్టింది. తర్వాత నోరంతా తెరిచి గాలి పీల్చింది. లోపలి దాకా. ఎక్కడా దగ్గు రాలేదు. రాదని నమ్మకం కలగక మళ్ళీ ఒకసారి పీల్చి చూసుకుంది.

గుడ్లు ఒలుచుకుని తిన్నాం. ఉప్పు తేవడం మర్చిపోయానని తిట్టింది. అరటిపండు తొక్క తీస్తుంటే జారి పండంతా నీళ్ళలో పడిపోయి, అది మడుగులో గుండ్రంగా తిరుగుతూ మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. దానికి వదిన నవ్వింది. జబ్బు పడ్డాక మొదటిసారి, పాత నవ్వు, జలపాతం చప్పుడుని దాటి వినపడేంత నవ్వు. నా కళ్ళు చెమర్చాయి. తుంపర పడిందన్నట్టు తుడుచుకున్నాను.

అప్పుడు వదిన చేతులు కడుక్కోవడానికి వంగింది. ఎడమ చేతి చూపుడు వేలికి ఏదో ఎర్రగా కనిపించింది.

"దెబ్బ తగిలిందా?" అని దగ్గరికెళ్ళాను.

దెబ్బ కాదు. దారం. చక్కగా, ఒకదాని పక్కన ఒకటి, పొందికగా వేలికి చుట్టిన ఎర్ర దారం. కొట్లో కచ్చా కుట్లు లాగేటప్పుడు ఆవిడ ఎప్పుడూ చుట్టుకున్నట్టే.

"వదినా, ఇవెక్కడివి?"

"ఏవి?" అని తన వేలు తనే కొత్తగా చూసుకుంది. "ఏమో. దారిలో అక్కడక్కడ కనిపిస్తే లాగేశాను." అంటుండగానే మాట ఆగిపోయింది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అమ్మో."

ఇన్నేళ్ళుగా నేను ముందు దారం వేస్తూ పోవడం, వెనకాల ఆవిడ దాన్ని లాగేస్తూ రావడం. తల వంచుకుని ఊపిరి చూసుకుంటూ నడుస్తున్న మనిషికి చేతి ఎత్తులో జారుముడితో కొసలు వేలాడుతూ కనిపిస్తే, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ప్రపంచంలో ఇంకెవరితో వచ్చినా ఆ దారాలు అక్కడే ఉండేవి.

మొదట నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. "ఒక్కటైనా వదిలావా?" అని అరిచాను. వదిన వేలి మీది చుట్లు చూసుకుని, తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాత, దిగేదెలాగన్న సంగతి తట్టింది. ఫోను తీసి చూశాను, సిగ్నలు లేదు. ఏరు పట్టుకుని దిగకూడదు. ఆఖరి బస్సు సాయంత్రమే. అడవిలో చీకటి త్వరగా పడుతుంది. మొన్న మొన్నటి దాకా ఆక్సిజన్ గొట్టం ముక్కున పెట్టుకుని పడుకున్న మనిషిని, నా పంతం కోసం, కొండ మీదకి లాక్కొచ్చాను.

రాయి మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టాను. చిన్నపిల్లలా, వెక్కి వెక్కి. నా కాపురం చెడి వచ్చినప్పుడు కూడా వదిన ముందు నేను ఏడవలేదు. అప్పుడు తిట్టుకుంటూ వచ్చాను, అంతే.

"పందెం లేదు, గిందెం లేదు వదినా," అన్నాను. "నువ్వు కొట్టుకి రావద్దు, ఏమీ వద్దు. నిన్ను క్షేమంగా ఇంట్లో దించితే చాలు నాకు."

వదిన నన్ను చూస్తూ కూర్చుంది, ఇంతకుముందు ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు. తర్వాత లేచి, పాదాలు తుడుచుకుని, బూట్లు తొడుక్కుంది.

"కళ్ళు తుడుచుకో. ముక్కు కూడా," అంది. "సంచీ నాకివ్వు. పద."

"ఎటు పద? దారి తెలుసా నీకు?"

"దారి తెలీదు. ఎక్కడెక్కడ చచ్చానో తెలుసు."

వెనక్కి ఆవిడే ముందు నడిచింది. నిటారు దిగుడు దగ్గర వేళ్ళు పట్టుకుని, వీపు తిప్పి, నిచ్చెన దిగినట్టు దిగింది. ఏ వేరు గట్టిదో, ఏది జారుతుందో కింద నుంచి నాకు చెబుతూ వచ్చింది. ఎక్కేటప్పుడు ప్రతి వేరునీ పట్టుకుని వేలాడిన మనిషి కదా.

వాగు దాటే చోటు సులువుగానే దొరికింది. వెదురు గుంపు దగ్గర మాత్రం దారులు మూడు కనిపించాయి. వచ్చేటప్పుడు ముందుకే చూసుకుంటూ పోయిన నాకు మూడూ ఒకటే. వదిన కదలకుండా నిలబడి చుట్టూ చూసింది.

"ఇక్కడ నాకు పక్క పట్టేసింది," అంది. "కూర్చున్నాను. నిన్ను రాక్షసి అనుకున్నాను. నా ఎదురుగా ఒక చెట్టుకి పెద్ద బుడిపె ఉంది. దాన్నే చూస్తూ తిట్టుకున్నా, నీ మొహంలాగే ఉందని."

"నా మొహంలాగా?"

"ముక్కు దగ్గర."

ఒక చోట కూర్చుని చూసింది. లేచి నాలుగు అడుగులు పక్కకి వెళ్ళి మళ్ళీ కూర్చుంది. అలా చోటు మార్చి మార్చి, ఒక చోట కూర్చోగానే మొహం విప్పారింది. "అదిగో," అని వేలు చూపించింది. ఆవిడ పక్కన కూర్చుని చూస్తే ఆకుల సందులోంచి బుడిపె చెట్టు సరిగ్గా ఎదురుగా ఉంది. ముక్కు సంగతి నేను ఒప్పుకోలేదు గానీ, చెట్టు అదే. అప్పుడు నడిచొచ్చిన దారి తన ఎడమ చేతి వైపు ఉండేదని ఆవిడకి గుర్తుంది, అంటే ఎడమ దారే మేము వచ్చినది.

అక్కడి నుంచి ఇక తడబాటు లేదు. విరిగిన మాను దగ్గర, "ఇక్కడ నీ కుట్టుని తిట్టా, అది నువ్వు విన్నావు. ఆ తర్వాత ఇంకోటి అన్నా, అది నువ్వు వినలేదు," అంది. ఏమన్నావంటే చెప్పలేదు. మరోచోట ఒక పుట్టగొడుగుల గుత్తి చూపించి, "ఇక్కడ మీ అన్నయ్యని కూడా కలిపి తిట్టాను, ఆపనందుకు," అంది. దారి పొడుగునా ఆవిడ ఆయాసం, ఆవిడ తిట్లు ఎక్కడెక్కడ పడ్డాయో అక్కడక్కడ ఆగి, అవునా కాదా అని సరిచూసుకుంటూ దిగాం. నేను పందెం గెలవాలని చెవులు రిక్కించి నడుస్తుంటే, ఆవిడ ప్రతి అడుగూ చూసుకుంటూ వచ్చింది. మొదటి చీలిక దగ్గరి బండ కనిపించినప్పుడు, నాకు ప్రాణం లేచొచ్చి ఆ బండని కౌగిలించుకున్నాను.

చెక్ పోస్టు దగ్గరికి వచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. బస్సు రాలేదు. స్టాపులో బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. బూట్ల నిండా బురద. వదిన ప్యాంటు ఒక కాలు మోకాలి దాకా చిరిగింది. నేను గొంతు సవరించుకున్నాను.

"పైన అన్న మాట మీదే ఉన్నాను వదినా. పందెం రద్దు. మనిషిని చూసుకుంటాను."

వదిన చివాలున నా వైపు తిరిగింది. "ఏమన్నావ్?"

"రద్దు అన్నా."

"రద్దు చేయడానికి నువ్వెవరు? ఎక్కింది ఎవరు? ఆ వేళ్ళు పట్టుకుని కోతిలా పాకింది ఎవరు? అరచేతులు చూడు, ఎలా దోక్కుపోయాయో! ఇంత చేయించి ఇప్పుడు రావద్దంటావా?"

"నువ్వు ఓడిపోవడానికే ఒప్పుకున్నావనుకున్నా. అడగ్గానే సరే అన్నావుగా."

"నీ మొహం. ఓడిపోదామనుకుంటే ఆ మొదటి బండ మీదే కూలబడి నావల్ల కాదనేదాన్ని. నన్ను చంకనేసుకుని తీసుకెళ్ళేదానివా?" అని ఆగి, రోడ్డు వైపు చూస్తూ గొంతు తగ్గించింది. "నువ్వు రమ్మంటున్నావని సరే అన్నాను. అప్పటిదాకా ఎవరూ రమ్మనలేదుగా."

"నేను రమ్మనకపోవడమేంటి?"

"ఆసుపత్రికి రోజూ వచ్చి ఏం చెప్పేదానివి? కొట్టు గురించి బెంగ పెట్టుకోకు వదినా, అంతా బ్రహ్మాండంగా నడుస్తోంది, ఒక్క పని కూడా ఆగలేదు, అని. ఇంటికొచ్చాకా అదే పాట. అంత బ్రహ్మాండంగా నడుస్తుంటే మధ్యలో నేనెందుకు, దగ్గుకుంటూ? నీ కాళ్ళకి అడ్డం పడటానికా?"

ఆవిడ ప్రశాంతంగా నిద్రపోవాలని చెప్పిన మాటలవి. మంచం మీద పడుకుని ఆ మాటల్నే ఆవిడ ఇన్నాళ్ళూ ఎలా తిప్పి తిప్పి చూసుకుందో అప్పుడు అర్థమైంది.

"అదంతా అబద్ధం వదినా," అన్నాను. "ఏం నడవడం లేదు. బ్యాంకు మేనేజరు చొక్కా కాలరు మీద ఇస్త్రీ పెట్టె మర్చిపోయి మాడ్చేశాను. నేను కుట్టిన గుండీలు ఊడిపోయి జనం చేతిలో పట్టుకుని వస్తున్నారు. ఆవిడేరీ, ఎప్పుడొస్తుంది అని అడిగితే కసురుకుంటున్నాను. ఇద్దరు మళ్ళీ రామని వెళ్ళిపోయారు. పొద్దున్నే షట్టరు ఎత్తాలంటే ప్రాణం ఉసూరుమంటోంది. పోట్లాడటానికి కూడా మనిషి లేదు. నువ్వు లేకుండా నేను ఉండలేకపోతున్నాను. సరేనా? చాలా?"

మళ్ళీ ఏడుపొచ్చేసింది. ఒకే రోజు రెండుసార్లు. నా మీద నాకే విసుగేసింది.

వదిన అంతా వింది. తర్వాత దోక్కుపోయిన అరచేత్తో నా తొడ మీద ఫెడీమని ఒక్కటి చరిచింది.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఈ ముక్కేదో ఇంట్లోనే చెప్పి ఏడిస్తే, నాకీ కొండెక్కే బాధ తప్పేదిగా!"

అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ ఒకసారి దగ్గింది, దగ్గి, తుడుచుకుని, మళ్ళీ నవ్వింది. చెక్ పోస్టులోంచి కాపలావాడు తల బయటపెట్టి మా వైపు చూశాడు.

అంతలో బస్సు వచ్చింది. కాలరు మాడితే దాచిపెట్టకుండా తనకెందుకు చెప్పలేదని, గుండీ కింద దారంతో కాడ చుట్టకుండా కుడితే ఊడక ఏం చేస్తుందని, వదిన మెట్లెక్కుతూ కూడా తిడుతూనే ఉంది. నేను ఒక్క మాటకీ ఎదురు చెప్పకుండా వెనకే ఎక్కాను. చాలా రోజుల తర్వాత నాకు కడుపు నిండినట్టుంది.